కుట్టుమిషను పంతులమ్మ తొలి ఏడాది

నేను కంపెనీలో చేరిన రోజు మేనేజరు గారు కుర్చీ చూపించి కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. పరాయి మగవాడి ఎదుట కుర్చీలో కూర్చోవడం మా ఇళ్ళలో ఎరగం. "కూర్చోమ్మా, రేపటి నుంచి నువ్వు కూర్చుని చేసే పనే కదా" అన్నారాయన. ఎప్పుడైనా లేచి పరుగెత్తడానికి వీలుగా కుర్చీ అంచున కూర్చున్నాను. ఆ అంచు నుంచి వెనక్కి జరిగి వీపు ఆనించడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. నేను రాస్తున్నది ఆ ఏడాది సంగతే.

ఆ తర్వాత అదే కంపెనీలో జుట్టు నెరిసేదాకా పనిచేశాను. ప్రమోషన్లు, బదిలీలు, మీటింగులు అన్నీ ఉన్నాయి. అవి రాయను. కొత్తగా ఈ పనిలోకి వచ్చే ఆడపిల్లలకు అవి ఎందుకూ పనికిరావు. పనికొచ్చేదంతా నాకు ఆ మొదటి ఏడాదిలోనే జరిగిపోయింది.

మామ తెచ్చిన కబురు

మాది ప్రొద్దుటూరు. దూదేకులవాళ్ళం. నాయన విల్లుతో పత్తి ఏకి పరుపులు కుట్టేవాడు. ఇంట్లో ఎప్పుడూ గాలిలో దూది తేలుతుండేది. అన్నం ముద్దలో కూడా దూదే. అమ్మ తమ్ముడు హుసేన్ మామ బజారులో దర్జీ. ఆయన అంగట్లో కుట్టిన చొక్కాలు మా ఇంటికి వస్తే నేను కాజాలు తీసి గుండీలు కుట్టి పంపేదాన్ని. ఎనిమిదో తరగతితో బడి మానిపించాక అదే నా పని.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయిన కొత్తలో మా బజారులో కుట్టుమిషన్ల కంపెనీ ఒక షాపు తెరిచింది. ఆ కంపెనీ మిషన్లు సముద్రాల అవతల తయారై, మద్రాసు రేవులో దిగి, దేశమంతా పోయేవి. దాని అసలు పేరు మాలో ఎవరికీ నోరు తిరిగేది కాదు. అందరూ ఉత్త 'కంపెనీ' అనేవారు. మిషన్లు బాగానే అమ్ముడయ్యాయి గానీ ఇళ్ళలో ఆడవాళ్ళకు తొక్కడం రాదు. నేర్పడానికి మగవాళ్ళను లోపలికి రానివ్వరు. షాపు మేనేజరు రంగాచారి గారు మద్రాసు మనిషి. ఆయన మామ దగ్గరికి వెళ్ళి, కుట్టు తెలిసిన ఆడమనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగారు.

ఆ సాయంత్రం మామ మా ఇంటికి వచ్చి నాయనతో అన్నాడు: "బావా, మన మాబున్ని చేతిలో కుట్టుండాది. కంపెనీవాళ్ళు ఆడమనిషి కావాలంటాండారు. మద్రాసుకు పంపిచ్చి నేర్పిస్తారంట."

"ఆడపిల్లను మద్రాసుకా? యాడుంటాది? ఆడ మనకెవరుండారు?" అన్నాడు నాయన.

"నేను ఎంటబోయి దించి వస్తా. ఆడ నేర్పే టీచరమ్మ తన ఇంట్లోనే పెట్టుకుంటాదంట."

నాయన విల్లు పక్కన పెట్టాడు. అమ్మే అంది: "పోనీలే. ఈడ కూచోని ఎంత కాలమని దూది మింగతాది?"

మద్రాసు హాలు

మద్రాసులో నేను మొదట చూసింది సముద్రం కాదు. కంపెనీ హాలు. ఆ చివర మనిషి ఈ చివరకు చిన్నగా కనిపించేంత పొడుగు. వరసలు వరసలుగా మిషన్లు, వాటి ముందు ఆడపిల్లలు, అన్నీ ఒకేసారి నడుస్తుంటే రేకుల మీద పెద్దవాన పడుతున్నట్టు చప్పుడు. నేను గడప దగ్గరే ఆగిపోయాను. లోపలికి పోవడానికి భయమూ, బయటికి రావడానికి ఇష్టం లేకపోవడమూ రెండూ ఒకేసారి కలిగాయి.

నాకు నేర్పినావిడ మిస్ ఫ్లోరా. గౌను వేసుకునే పెద్దావిడ. తమిళం, ఇంగ్లీషు, నాలుగు ముక్కల తెలుగు మాట్లాడేది. మొదటి రోజు సూదీ లేదు, దారమూ లేదు. చక్రం మీది తోలు బెల్టు కూడా తీసేసి, ఉత్త పెడలు తొక్కమంది. కాలు ఎక్కడ ఆగుతుందో, మళ్ళీ ఎక్కడ మొదలవుతుందో కాలికే తెలియాలంది. ఆ తర్వాత గీతలు గీసిన కాగితం ఇచ్చి, దారం లేని సూదితో గీత వెంబడి నడపమంది. ఎన్నో కాగితాలు పాడుచేశాక ఒకటి సరిగ్గా వచ్చింది. ఆవిడ దాన్ని కిటికీకి ఎదురుగా పట్టి చూపించింది. గీత పొడుగునా చిన్న చిన్న బెజ్జాలు, ఒక్కొక్క బెజ్జంలోంచి వెలుతురు. ఒక్కటీ పక్కకు తప్పలేదు. అది నా కాళ్ళు చేసిన పని అంటే నాకు నమ్మకం కలగలేదు.

ఒకరోజు ఆవిడ ఒక సొరుగు లాగింది. నిండా షటిళ్ళు, మిషనులో కింది దారం పట్టుకుని ఉండే ఇనుప ముక్కలు. "ఏదైనా తీసుకో, ఏ మిషనులోనైనా పెట్టు" అంది. నేను చేతికి వచ్చినదాన్ని తీసి నా మిషనులో పెట్టాను. సరిపోయింది. పక్క మిషనులో పెట్టాను. సరిపోయింది. మా ఊళ్ళో ఒక బండి చక్రం ఇంకో బండికి పట్టదు. ఒక వడ్రంగి చేసిన తలుపు ఇంకో గుమ్మానికి కుదరదు. ఎక్కడో సముద్రం అవతల ఎవరో ముఖం తెలియని మనిషి చేసిన ముక్క, నేను కళ్ళు మూసుకుని తీసినది, నా ముందున్న మిషనులో తన చోటు తాను వెతుక్కున్నట్టు కూర్చుంది. కంపెనీ అంటే ఏమిటో నాకు మొదటిసారి ఒళ్ళు జలదరించేలా తెలిసింది అప్పుడే.

హాలు గోడకు ఒక పటం ఉండేది. సముద్రం, పడవ, పైన మబ్బులు. రంగులతో గీసిందనుకున్నాను. ఎవరూ చూడకుండా దగ్గరికి పోయి వేలితో తాకాను. దారం. నీళ్ళూ దారమే, మబ్బూ దారమే. అంతా మిషను మీద కుట్టినది. కుట్టింది మిస్ ఫ్లోరాయేనని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి ఆవిడ చేతుల వంక చూడకుండా పాఠం వినలేకపోయాను.

ఆవిడను అంత గౌరవించాను గనుకనే ఒక మాట చెప్పాలి. వేళ్ళు సూది దగ్గరికి పోతే ఆవిడ స్కేలుతో కొట్టేది. మా మంచికే కొట్టేదని అందరూ అనేవారు. నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. భయపడిన చెయ్యి సూదికి ఇంకా దగ్గరవుతుంది. మీరు ఎవరికి నేర్పినా కొట్టకండి. ఆవిడ చెప్పిన ఇంకో మాట మాత్రం నా జీవితమంతా పట్టుకున్నాను: నేర్చుకునేవాళ్ళ గుడ్డను చేతిలోంచి లాక్కోవద్దు. లాక్కుంటే నువ్వే కుడతావు, వాళ్ళు చూస్తూ ఉండిపోతారు.

దేవుడి గదిలో మిషను

తిరిగి వచ్చాక ఇళ్ళకు వెళ్ళడం మొదలైంది. అమ్మ తోడు వచ్చేది. నేను పాఠం చెబుతుంటే వసారాలో వక్కాకు నములుతూ కూర్చునేది.

జమ్మలమడుగులో ఒక ఇంట్లో మిషను దేవుడి గదిలో ఉంది. పసుపు, కుంకుమ, పూలమాల. కొన్న రోజు నుంచీ పూజ తప్ప పని లేదు. ఆ ఇల్లాలు నాతో అంది: "దేవుని పక్కన పెట్టి మొక్కుతాండాం గదా పాపా. దాన్ని ఇప్పుడు కాలితో ఎట్ల తొక్కాల?"

మద్రాసులో నాకు ఎవరూ ఇది నేర్పలేదు. తిరిగి వచ్చి రంగాచారి గారితో చెప్పాను. ఆయన నవ్వలేదు. "పూజ మానమని చెప్పకు. మంచిరోజు చూసి వడ్ల మూటలు ఉండే చోటికి మార్చమను. వడ్లూ లక్ష్మే కదా, వాటికీ మొక్కుతారు, కళ్ళంలో కాళ్ళతోనూ తొక్కుతారు" అన్నారు. అంతే. మూటల పక్కకు వచ్చిన వారానికి ఆ ఇల్లాలు దాని మీద మనవడి నిక్కరు కుట్టింది. ఈ పనిలో సగం మిషను సంగతి, సగం ఇంటి సంగతి. ఇంటి సంగతి ఏ పుస్తకంలోనూ ఉండదు.

మామ మాటలు మానేశాడు

ఈలోగా బజారులో గొడవ మొదలైంది. తోటి దర్జీలు మామ అంగడికి వచ్చి నిలదీశారు.

"నీ మేనకోడలు ఇంటింటికీ పోయి నేర్పిస్తాంది. రేపు జాకెట్లు, పావడాలు ఇండ్లల్లోనే కుట్టుకుంటే మా కాడికి ఎవురొస్తారప్పా?"

పెళ్ళిళ్ళ కాలంలో పెద్ద పని వస్తే దర్జీలు పంచుకుని కుట్టేవారు. ఆ ఏడు మామకు వాటా ఇవ్వలేదు. మామ మా ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడే అన్నాడు: "మాబూ, ఇంక చాలు. మానుకో."

"మానను మామా" అన్నాను. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పడం నా జన్మలో అదే మొదలు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మామ గుమ్మంలోంచే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కాజాలకు చొక్కాలు రాలేదు. బజారులో ఎదురుపడితే తల పక్కకు తిప్పుకునేవాడు. నన్ను ఈ దారిలో పెట్టినవాడే నాతో మాట్లాడకపోతే ఎలా ఉంటుందో చెప్పలేను. ఆ దర్జీల భయం వట్టిది కాదని కూడా ఇక్కడ చెప్పాలి. పావడాలు, చిన్నపిల్లల గౌన్లు నిజంగానే వాళ్ళ చేతుల్లోంచి పోయాయి. కొత్తది ఏది వచ్చినా ఎవరో ఒకరి కంచానికి అడ్డం నిలబడుతుంది. మనం ఆ సంగతి తెలిసే పని చెయ్యాలి.

పులివెందుల వసారా

పులివెందులలో నారపరెడ్డి అని వేరుశనక్కాయల వ్యాపారి మిషను కొన్నాడు. భార్య సుబ్బమ్మ కోసం. దూదేకుల పిల్లనైన నేను లోపలికి రానక్కరలేకుండా మిషను వసారాలో పెట్టించారు. సుబ్బమ్మకు పని త్వరగానే పట్టుబడింది గానీ మనసు లేదు. నేను పాఠం చెప్పినంతసేపూ నారపరెడ్డి తల్లి చెన్నమ్మవ్వ తలుపు పక్కన నేల మీద కూర్చుని చూస్తుండేది. డెబ్భై దగ్గర పడ్డ మనిషి. రవికె ఎరగని తరం. ఆమె చూపు నా ముఖం మీదా గుడ్డ మీదా ఉండేది కాదు, ఎప్పుడూ నా కాళ్ళ మీదే.

చివరి పాఠం అయిపోయి సుబ్బమ్మ లోపలికి పోగానే అవ్వ లేచి వచ్చింది.

"పాపా, నాకు నేర్పిస్తావా?"

సరదాకు అంటోందనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు.

"మా నాయన నాకు పసుపు కుంకానికి ఇచ్చిన చేను పెద్దముడియం కాడ ఉండాది. మా చిన్నాయన కొడుకులు అది మాదే అంటాండారు. ప్రొద్దుటూరు కోర్టులో నడస్తాంది. పోయినసారి బోనెక్కినా. ఆడ అందరూ కోట్లేసుకోని కూచోనుండారు. కిటికీలోంచి గాలి కొడతాంది. పైట నిలస్తాంటేనా? రెండు చేతులూ పైట పట్టుకోడానికే సరిపోయినాయ్. వాళ్ళ వకీలు ఏందేందో అడిగినాడు. నాకు నోట మాట రాల్యా. మల్లా పిలుస్తారంట. ఆ పొద్దుటికి నాకు రవికె కావాల."

"నేను కుట్టిస్తానవ్వా. దానికి నువ్వు నేర్చుకునేదెందుకు?"

"నువ్వు కుట్టిస్తే అది నువ్విచ్చిన రవికె అయితాది. ఈ వయసులో ఎవురో తొడిగినారంటారు. నేనే కుట్టుకుంటే నేనే ఏసుకున్న్యా అని చెప్తా. ఎవురు నవ్వినా నాకేం?"

నారపరెడ్డి వీధిలోంచి అప్పుడే వచ్చాడు. విని తల్లి మీద విసుక్కున్నాడు. "నాయన పోయినాక ఇప్పుడు నీకు రవికె ఏందమ్మా? మనోళ్ళు నలుగురు ఏమంటారు?"

"చేను పోతే ఆ నలుగురు తెచ్చిస్తారా?" అంది అవ్వ.

ఆయన కండువా దులుపుకుని లోపలికి పోయాడు. సరే అనలేదు, వద్దనీ అనలేదు.

రంగాచారి గారి లెక్క

కంపెనీ పద్ధతి ప్రకారం కొన్న మనిషికి పాఠాలు అయిపోతే ఆ ఇంటికి మళ్ళీ పోకూడదు. బస్సు ఖర్చు కంపెనీది. నేను భయపడుతూనే రంగాచారి గారి ముందు కుర్చీలో కూర్చుని, పులివెందుల పోవాలని, అవ్వ సంగతంతా చెప్పాను. కాదంటే ఉద్యోగం మానేసి నేనే పోతానని కూడా అన్నాను. అలా అనాలని ముందుగా అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మనం మిషను అమ్మింది ఎవరికి?"

"నారపరెడ్డి గారి ఇంటికి సార్."

"ఆ ఇంట్లో ఆడవాళ్ళు ఎంతమంది?"

"ఇద్దరు సార్."

"మరి ఒకరికి నేర్పి పని అయిపోయిందంటావేమిటమ్మా? ఇంకొకరు మిగిలే ఉన్నారు కదా. పోయి పని పూర్తిచెయ్యి."

ఆ బస్సు ఖర్చుల గురించి మద్రాసు పెద్దలు ఆయన్ను గట్టిగా మందలించారని నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. ఆయన నాతో ఒక్క మాట అనలేదు. రంగాచారి గారికి కోపం ఎక్కువ, షాపు గుమాస్తాల మీద అరిచేవారు, అది నాకు నచ్చేది కాదు. కానీ కంపెనీ ఎంత పెద్దదైనా దాని తరఫున మనతో మాట్లాడేది ఒక మనిషే. ఆ మనిషి ఇలాంటివాడు కావడం నా అదృష్టం.

కపిల తోలిన కాళ్ళు

అవ్వ పాదాలు నెర్రెలు బారి ఉండేవి. మిషను మీద పెడితే చక్రం వెనక్కి తిరిగేది, దారం పుటుక్కున తెగేది. ఆమె ఎద్దును అదిలించినట్టు దాన్ని అదిలించేది. "యేయ్, ఎనక్కి యాడికి పోతావే?"

మద్రాసులో నాకు నేర్పినట్టే నేనూ బెల్టు తీసేశాను. ఉత్త పెడలు తొక్కుతూ తొక్కుతూ ఉన్నట్టుండి ఆమె ముఖం విప్పారింది. "ఇది కపిల తోలినట్టే గదా పాపా! ఎద్దులు ముందుకు పోయేటప్పుడు ఒదలాల, ఎనక్కి వచ్చేటప్పుడు పట్టాల." చిన్నప్పుడు పెద్దముడియం చేలో తండ్రితో కలిసి, బావిలోంచి ఎద్దులతో తోలుసంచి లాగించే కపిల తోలి నీళ్ళు పారించిందట. ఆ రోజు నుంచి చక్రం ఒక్కసారి కూడా వెనక్కి పోలేదు. అన్నేళ్ళ తర్వాత కాళ్ళకు పాత పని గుర్తుండటం చూసి నేను నోరు తెరుచుకుని కూర్చున్నాను.

సూదిలో దారం ఎక్కించడం మాత్రం ఆమె చూపుకు అందలేదు. ఒకరోజు నేను వెళ్ళేసరికి దారం ఎక్కించే ఉంది. ఎవరని అడిగితే అవ్వ లోపలికి సైగ చేసింది. రోజూ పొద్దున్నే సుబ్బమ్మ వచ్చి దారం ఎక్కించి పోతోందట. ఆ వారమే మిషను వసారాలోంచి ఇంటి నడవలోకి మారింది. ఎండ పడుతోందని సుబ్బమ్మ చెప్పింది. నేనూ ఆ ఇంటి నడవలోకి వెళ్ళి కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు.

కుట్టు వచ్చింది. చిక్కల్లా కటింగు దగ్గర వచ్చింది. కంపెనీ పుస్తకంలోని కొలతలు నిటారుగా నిలబడే మద్రాసు ఆడవాళ్ళవి. అవ్వ భుజాలు ముందుకు వంగి ఉంటాయి. నేను కాగితం కత్తిరించి ఆమె ఒంటి మీద పెట్టి చూస్తే చంక దగ్గర పట్టేసింది. చెయ్యి పైకి లేవలేదు. కోర్టు పిలుపు వచ్చేసింది. ఇక గతిలేక మామ అంగడికి వెళ్ళాను.

మామ మిషను మీది నుంచి తల ఎత్తలేదు. నేను నిలబడే సంగతంతా చెప్పాను. పెద్దముడియం చేను, బోను, గాలి, పైట. ఆయన కుడుతూనే ఉన్నాడు. నేను చెప్పడం ఆపేశాక కూడా కుడుతూనే ఉన్నాడు. నేను వెనక్కి తిరిగాను.

"ఆ యమ్మ బోనులో చెయ్యెత్తి ప్రమాణం చెయ్యాల గదా?" అన్నాడు.

"ఆ, చెయ్యాల మామా."

"ఏ చెయ్యి?"

"కుడిచెయ్యి."

"చంక ఇరుకైతే చెయ్యి యాడ లేస్తాది? కొల్తలు చెప్పు."

పాత కాగితం పరిచి సుద్దతో గీశాడు. వంగిన భుజానికి వెనక భాగం ఎలా పెంచాలో, ముందు భాగం ఎలా తగ్గించాలో చూపించాడు. చివర చిన్న నలుచదరపు ముక్క ఒకటి కత్తిరించి, మూల పైకి వచ్చేలా తిప్పి పట్టుకున్నాడు. "ఇది చంక కింద పడాల. నాలుగు మూలలూ నాలుగు కుట్ల కాడ కలవాల. అప్పుడు చెయ్యి ఆకాశానికి ఎత్తినా రవికె పైకి రాదు. ఇది మా ఉస్తాదు నాకు చెప్పిన పని. బజార్లో ఎవురికీ చెప్పలా."

"అవ్వకు చెప్పాల గదా మామా. ఆమే కుట్టుకుంటాది."

ఆయన కత్తెర కింద పెట్టి నన్ను చూశాడు. చాలా నెలల తర్వాత మొదటిసారి నేరుగా చూశాడు. "ఆ యమ్మకు చెప్పు" అన్నాడు.

ఆ ముక్క కుట్టడానికి అవ్వ పడ్డ పాట్లు చూస్తే నాకు ఏడుపొచ్చేది. మూల కలవదు, విప్పుతుంది. మళ్ళీ కుడుతుంది, ముడత పడుతుంది, మళ్ళీ విప్పుతుంది. గుడ్డ పాతదైపోయింది. నా చేతులు దురద పెట్టేవి. నేను కుడితే క్షణంలో పని. మిస్ ఫ్లోరా మాట గుర్తు చేసుకుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఈ ఉద్యోగంలో నేను చేసిన అన్నిటికన్నా కష్టమైన పని అదే.

బోనులో అవ్వ

కోర్టు రోజున అవ్వ కొడుకుతో, కోడలితో బస్సు దిగింది. తెల్లటి నూలు రవికె, మోచేతుల దాకా చేతులు. బస్టాండులో జనం చూశారు. ఆమె ఎవరినీ చూడలేదు. అమ్మా నేనూ వెనక నడిచాం. కోర్టు వరండాలో మామ నిలబడి ఉన్నాడు. అడగకుండానే "వేరే పని మీద వచ్చినా" అన్నాడు.

పేరు పిలిచారు. అవ్వ బోనెక్కింది. కుడిచెయ్యి పూర్తిగా, తలకన్నా పైకి ఎత్తి ప్రమాణం చేసింది. రవికె కదల్లేదు. నా పక్కన మామ ఊపిరి వదలడం వినిపించింది.

అవతలి వకీలు చేను హద్దులు చెప్పమన్నాడు. ఆమె చెప్పడం కాదు, చూపించింది. రెండు చేతులూ గాలిలోకి లేచాయి. "ఇట్ల తూర్పున వంక. వంక గట్టున మా నాయన నాటిన తుమ్మచెట్లు. ఇట్ల పడమట రాతికట్ట, మా తాత పేర్చినాడు. ఈ మూల బావి. ఆ బావి కాడ కపిల నేనే తోలినా." ఆ చేతులు తిరుగుతుంటే కోర్టు హాలు మధ్యలో ఒక చేను పరుచుకుంది. వంక పారింది. బావి తెరుచుకుంది. కోట్లు వేసుకున్నవాళ్ళంతా ఆమె చెయ్యి ఎటు పోతే అటు తల తిప్పారు. వకీలు ఇంకేదో అడగబోయి కాగితాలు చూసుకున్నాడు. కిటికీలోంచి గాలి వస్తూనే ఉంది. పైట ఎగురుతూనే ఉంది. ఆమెకు ఆ ధ్యాసే లేదు.

మద్రాసు హాలు చూసినప్పుడు నేను నిలువునా కదిలిపోయాను. కానీ ఆ రోజు కోర్టు గుమ్మంలో నిలబడి చూసినదాని ముందు ఆ హాలు చిన్నదైపోయింది.

బయటికి వచ్చాక మామ కళ్ళు చిట్లించి ఆమె చంక వైపు చూశాడు. దర్జీ కళ్ళు ఊరుకోవు కదా. "కుడిపక్క మూల వంకర పోయిందమ్మా" అన్నాడు.

"పోతే పోనీలే నాయనా. చెయ్యి లేచింది గదా" అంది అవ్వ.

ఎలా ముగిసిందంటే

తీర్పు వెంటనే రాలేదు. వచ్చినప్పుడు చేను ఆమెదే అని వచ్చింది. అవతలివాళ్ళు పైకోర్టుకు వెళ్ళారు, కొన్నేళ్ళు తిరిగారు, చివరికి వదిలేశారు. అవ్వ బతికున్నన్నాళ్ళూ ఆ చేలో పండిన కొర్రలు పులివెందుల ఇంటికి వచ్చాయి.

దర్జీలతో మామ గొడవ పూర్తిగా తీరలేదు. కొందరు మళ్ళీ కలిశారు, కొందరు చనిపోయేదాకా మాట్లాడలేదు. మామ మాత్రం మళ్ళీ కాజాలు పంపడం మొదలుపెట్టాడు. కంపెనీ పని ఉండగా అవి ఎప్పుడు చేస్తానని అడిగితే, "నీ కంపెనీని అడిగి చెప్పు" అనేవాడు. ఆయన నవ్వింది అంత మాత్రమే.

కోర్టు అయిన కొన్నాళ్ళకు షాపు పని మీద పులివెందుల పోవలసి వచ్చింది. అవ్వను చూసి వద్దామని నారపరెడ్డి ఇంటికి వెళ్ళాను. వీధిలోకే మాటలు వినిపించాయి. నడవలో నేల మీద ఐదారుగురు ముసలమ్మలు కూర్చుని ఉన్నారు. ఒకామె పెద్దరెడ్ల ఇంటి మనిషి, ఇద్దరు గొర్రెలు కాసుకునే ఇళ్ళవాళ్ళు, ఒకామె మా సాయిబుల వీధి మనిషి. ఒక్కరికీ రవికె లేదు. ఒక్కొక్కరి ఒళ్ళో ఒక గుడ్డముక్క.

చెన్నమ్మవ్వ మిషను ముందు కూర్చుని ఉంది. బెల్టు తీసి పక్కన పెట్టింది. పక్కన నిలబడ్డ సుబ్బమ్మ చేతిలో దారం రీలు ఉంది.

"సూది సంగతి తర్వాత" అంటోంది అవ్వ. "ముందు కాలు సూడండి. కాలికి తెలిస్తే చేతికి అదే తెలుస్తాది. యేమే, నువ్వు రా. పెట్టు కాలు. బయపడొద్దు, ఇది కరవదు."

పిలిచిన ముసలామె లేచి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, మిషను మీద భయంగా పాదం పెట్టింది. పెడలు కదిలింది. నడవలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి "అమ్మో" అన్నారు.

నన్ను ఎవరూ గమనించలేదు. నేను గడప బయట చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా లోపలికి వెళ్ళి, ఆ ముసలమ్మల వెనక నేల మీద కూర్చుని పాఠం విన్నాను.